చార్టులోకెక్కిన పద్యం

ఫ్లోరెన్స్‌కి కోపం ముక్కు మీదే ఉంటుందని హాబ్సన్‌విల్ తెలుగువాళ్లంతా అంటారు. అనరు మరి? చర్చిలో ప్రార్థన మధ్యలో ఎవరి ఫోనైనా మోగిందంటే, ఆవిడ వెనక్కి తిరిగి చూసే ఒక్క చూపుకే ఆ ఫోన్ నోరు మూసుకుంటుంది. అయితే ఆ కోపంలో పెద్ద వాటా ఆవిడ తన మీద తనే చూపించుకుంటుందన్న సంగతి మొగుడు దేవపాల్‌కి తప్ప ఎవరికీ తెలియదు. అర్సేనియో తాత విషయంలోనూ ముందు తనని తాను తిట్టుకున్నాకే మిగతావాళ్ల మీద పడింది.

ఆవిడ పుట్టింది రేపల్లె దగ్గర పల్లెలో. గుంటూరులో నర్సింగ్ చదివి, ఒక మిషన్ ఆసుపత్రిలో పదకొండేళ్లు వార్డుల వెంట తిరిగింది. దేవపాల్ చదువు వీసా మీద ముందు న్యూజీలాండ్‌లో ఆక్లండ్ వచ్చాడు. నాలుగేళ్ల షీనాని చంకనేసుకుని వెనకాలే ఈవిడ దిగింది. ఇప్పుడు ఆయన నార్తర్న్ బస్‌వే మీద బస్సు నడుపుతాడు, షీనా యూనివర్సిటీలో రెండో ఏడు చదువుతోంది. ఫ్లోరెన్స్ ఆల్బనీ దగ్గర ఒక రెస్ట్‌హోమ్‌లో కేర్‌గివర్. ఒకప్పుడు సిస్టరుగారూ అని పిలిపించుకున్న మనిషి ఇక్కడ ముసలివాళ్లకి స్నానాలు చేయించి, అన్నం తినిపించి, పక్కలు మార్చుతుంది. దానికి ఎన్నడూ చిన్నతనం పడలేదు. ముసలి ఒంటిని శుభ్రం చేయడం తక్కువ పనని ఎవరైనా అంటే, ఒక్క పూట వచ్చి చేసి చూడమంటుంది.

ఆ పనిలో చేతికి ఎంత శ్రమో రాతకీ అంతే. రెస్ట్‌హోమ్‌లో రాయని పని చేయని పని కిందే లెక్క. ఎవరు ఎన్ని నీళ్లు తాగారు, ఎన్నిసార్లు బాత్రూమ్‌కి వెళ్లారు, అన్నీ చార్టులోకి ఎక్కాలి. ఎవరైనా కేకలేసినా చెయ్యెత్తినా దానికి విడిగా బిహేవియర్ చార్టు ఉంటుంది. డ్యూటీ దిగే ముందు పదిమందివి రాయాలి, టైమ్ చాలదు. అందుకని నిన్నటి మనిషి ఏం రాసిందో చూసి ఇవాళ్టి మనిషి అదే దించేస్తుంది. అందరూ చేసేదే, ఫ్లోరెన్స్ కూడా చేసింది. వారానికోసారి డాక్టర్ వచ్చి మనిషిని రెండు నిమిషాలు చూస్తాడు, చార్టుని పది నిమిషాలు చూస్తాడు.

పోయినేడు జూన్‌లో, వాన వదలకుండా పడుతున్న రోజుల్లో, అర్సేనియోని తెచ్చి చేర్చారు. తొంభై ఒక్కేళ్ల ఫిలిప్పీన్స్ మనిషి. యాభై ఏళ్ల కిందట ఈ దేశం వచ్చి, ఓడలు బాగుచేసే చోట ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాడు. భార్య పోయి ఆరేళ్లయింది, ఆ సంగతి ఆయనకి గుర్తులేదు. మతిమరుపు వచ్చినవాళ్లకి పెద్దయ్యాక నేర్చినవి ముందు పోతాయి, పసితనంలోవి చివరిదాకా ఉంటాయి. ఆయనకి కూడా ఇంగ్లీషు చాలామటుకు జారిపోయి తగాలోగ్ మిగిలింది. రోజూ మధ్యాహ్నం మూడయ్యేసరికి కుర్చీలో నిటారుగా కూర్చునేవాడు. అరచేత్తో కుర్చీ చెయ్యి మీద దరువేస్తూ, హాలంతా వినబడేలా గొంతెత్తేవాడు. టీవీ చూసేవాళ్లు విసుక్కునేవాళ్లు.

ఫ్లోరెన్స్ మొదటి రోజే రాసింది. సొంత భాషలో గట్టిగా తిడుతున్నాడు, కుర్చీని కొడుతున్నాడు, దూకుడుగా ఉన్నాడు అని. తిడుతున్నాడని ఎలా తెలుసు? తెలియదు. గొంతు పెద్దది, చెయ్యి లేస్తోంది, భాష మనకి రాదు, ఇంకేముంది, తిట్లే అయ్యుంటాయి. అంత తేలిగ్గా తేల్చేసింది. ఆ వాక్యాన్నే పన్నెండు రోజులు ఒకరి తర్వాత ఒకరు దించుకుంటూ పోయారు. పన్నెండు రోజుల చార్టు చూసి డాక్టర్ ఒక మాత్ర రాశాడు.

పదమూడో రోజు ఫ్లోరెన్స్ తాత పక్కన కూర్చుని చేతిగోళ్లు తీస్తోంది. మూడయింది. ఆయన మొదలుపెట్టాడు. కాసేపటికి ఒకచోట ఆగాడు, కనుబొమలు ముడిచాడు, మళ్లీ మొదటికి వెళ్లి అందుకున్నాడు. మళ్లీ సరిగ్గా అక్కడే ఆగాడు, మళ్లీ మొదటికి వెళ్లాడు. మూడోసారి అలాగే జరిగేసరికి ఫ్లోరెన్స్ చేతిలో గోళ్లకత్తెర ఆగిపోయింది.

చిన్నప్పుడు సండేస్కూల్లో లక్ష్మమ్మ టీచరుగారు వారానికో కంఠత వాక్యం అప్పజెప్పించుకునేవారు. ఏ పిల్లైనా మధ్యలో తట్టుకుందంటే, అక్కణ్ణుంచి ముందుకు పోలేక గబగబా మొదటికి పరిగెత్తేది. ఫ్లోరెన్స్ అలా ఎన్నిసార్లు పరిగెత్తిందో లెక్కలేదు. తిట్టేవాడికి మొదలూ చివరా ఉండవు, ఎక్కడ ఆగినా తిట్టు తిట్టే. మొదటికి వెళ్లేవాడు అప్పజెబుతున్నవాడే. ఈ ముసలాయన రోజూ ఎవరికో ఏదో అప్పజెబుతున్నాడు, తను కూర్చుని దాన్ని తిట్టని రాసింది. అప్పజెబుతున్న నోటికి మాత్ర వేయించింది.

అవతలి వింగ్‌లో మారిసెల్ అని ఫిలిప్పీన్స్ పిల్ల పనిచేస్తుంది. ముప్పై ఏళ్లుంటాయి, నోట్లో నాలుక లేనట్టు తలొంచుకుని పోతుంది. ఆ రోజు డ్యూటీ దిగాక ఫ్లోరెన్స్ ఆమెని కార్ పార్క్‌లో ఆపి, తాత ఏం చెబుతాడో నీకు తెలుసా అని అడిగింది. మారిసెల్ అటూ ఇటూ చూసి, మొదటి రోజు నుంచీ తెలుసంది. ఆయన చెప్పేది వాళ్ల నాన్న కట్టిన పద్యమట, ఎత్తుకునే ముందు రోజూ నాన్న పేరు చెబుతాడట.

ఆ నాన్న బటంగాస్ వైపు ఒక చిన్న ఊళ్లో బడిపంతులు. ఫిలిప్పీన్స్‌ని అమెరికావాళ్లు ఏలుతున్న రోజుల్లో అక్కడి జెండా ఎగరేస్తే జైలు, బళ్లో చదువంతా ఇంగ్లీషు. ఆ పంతులు ఊరుకోకుండా పద్యాలు రాశాడు, వ్యాసాలు రాశాడు. దాహమేస్తే నీళ్లడగడానికి కూడా పిల్లవాడు పరాయి మాట వెతుక్కోవాల్సి వస్తే ఆ బడి ఎవరి కోసం అని ఒక వ్యాసంలో అడిగాడు. ఉద్యోగం ఊడింది, పదహారు నెలలు జైల్లో పెట్టారు. పెళ్లీ పిల్లలూ ఆ తర్వాత ఎన్నాళ్లకో. మారిసెల్‌ది ఆ పక్క ఊరే. స్కూల్లో వీళ్లకి ఆయనవి నాలుగు పద్యాలు నేర్పారు, ఊళ్లో ఆయన పేరు మీద ఒక వీధి ఉంది.

తాత చెప్పేది మాత్రం ఆ నాలుగిట్లోదీ కాదు. దూరం నుంచి చెవిన పడినంతలో మారిసెల్ దాని అర్థం చెప్పింది. జెండా వద్దన్నావు, సరే, మా అమ్మ బట్టలు ఆరేస్తోంది చూడు జవానూ, నీలం పావడా, ఎర్ర తువ్వాలు, తెల్ల దుప్పటి, దండెం మీద గాలికి ఎగురుతున్నాయి, ఏ బట్ట పట్టుకెళ్తావు, పసుప్పచ్చగా పైన సూర్యుడున్నాడు, నిచ్చెన తెచ్చుకుని వాణ్ణి కూడా దించుకో. ఆ బట్టల రంగులూ ఆ సూర్యుడూ అన్నీ వాళ్ల జెండాలోవే. ఇది జైల్లో కట్టిన పద్యం అయ్యుంటుందంది మారిసెల్. కాగితం ఇవ్వరు కాబట్టి నోటితో కట్టి, నోటితోనే కొడుక్కి అప్పజెప్పి ఉంటాడు. అచ్చులో ఎక్కడా లేదు. ఇప్పుడు లోకం మొత్తానికి అది ఉన్నది ఈ ముసలాయన తలకాయలోనే.

తెలిసి తెలిసి ఎందుకు ఊరుకున్నావని ఫ్లోరెన్స్ మారిసెల్ మీద విరుచుకుపడింది. ఆ పిల్ల ఏడవలేదు, గొంతు కూడా పెంచలేదు.

"చెప్పాను ఫ్లోరెన్స్. రెండో రోజే ట్రేసీకి చెప్పాను. ఆయన నీళ్లడిగితే మా భాషలో జవాబిచ్చి నీళ్లిచ్చానని, ఆయన ముందే నన్ను నిలబెట్టి చీవాట్లు పెట్టింది. మర్నాడు వార్నింగ్ లెటర్ ఇచ్చింది. నా వీసా ఈ ఉద్యోగం మీదే ఉంది."

ట్రేసీ అంటే ఆ రెస్ట్‌హోమ్ మేనేజర్. ఫ్లోర్ మీద, అంటే ముసలివాళ్లుండే చోట, ఇంగ్లీషు తప్ప ఇంకో భాష వినబడకూడదని ఆవిడే రూలు పెట్టింది. స్టాఫ్‌రూమ్ గోడకి నోటీసు కూడా అంటించింది. వేరే భాష వింటే మిగతా ముసలివాళ్లకి ఇబ్బందిగా ఉంటుందట. అక్కడ పనిచేసే నలభైమందిలో ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఆరుగురు ఉంటారేమో. మిగతావాళ్లందరి చేతులూ కావాలి, నడుములూ కావాలి, నాలుకలు మాత్రం అక్కర్లేదు. ఆ నోటీసు కింద కూర్చుని ఫ్లోరెన్స్ అయిదేళ్లుగా టీ తాగుతోంది, ఒక్కనాడూ అది ఏమంటోందో పట్టించుకోలేదు. నీళ్లడగడానికి పరాయి మాట వెతుక్కోవాలా అని నూరేళ్ల కిందట ఒకాయన జైలుకెళ్లాడు. ఆయన కొడుక్కి ఈ దేశంలో, ఈ కాలంలో, అదే గతి పట్టించారు. ఇలాంటిదానికి కడుపు మండకపోతే ఇంకెప్పుడు మండుతుంది?

అప్పటి నుంచి ఆవిడకి ఒకటే పట్టుదల. మాత్ర ఆ గొంతుని మూసేలోపల పద్యం బయటికి రావాలి. ఫోన్‌లో రికార్డు చేయడానికి ఇంటివాళ్ల అనుమతి లేనిదే కుదరదు. మూడింటికి మారిసెల్‌ని అక్కడికి రానివ్వరు. సరే, వినడానికి అనుమతి అక్కర్లేదు కదా అనుకుంది ఫ్లోరెన్స్. తన బ్రేక్ మూడింటికి మార్చుకుంది. చర్చిలో పంచిన పాత డైరీ ఒకటి తెచ్చుకుని తాత పక్కన కూర్చుంది. ఆయన నోటి నుంచి వచ్చింది వచ్చినట్టు, ముక్క అర్థం కాకపోయినా, తెలుగు అక్షరాల్లో రాసుకుంది. వినబడినంత ఆ లిపిలో దిగింది. డ్యూటీ అయ్యాక ఫ్లోరెన్స్ మారిసెల్ కారులో కూర్చుని దాన్ని పైకి చదివేది. అవతల మారిసెల్ వింటూ, పెదాలు కదుపుతూ, వాళ్ల భాషలో రాసుకునేది. ఒక్కోచోట చదువు ఆపించి, ఆ మాట ఇంకోసారి అనమనేది. రేపల్లె యాసలో తగాలోగ్ విని ఒకసారి పడీపడీ నవ్వింది కూడా. పదిరోజుల్లో నాలుగు చరణాలు వచ్చాయి. తాత తట్టుకునే చోటు దాటి ఇంకా ఎన్నో ఉన్నాయి, మంచిగా ఉన్న రోజున అవతలికి కొంచెం కొంచెం వెళ్తున్నాడు.

తాత కొడుకు పేరు రేమండ్. సిటీలో పెద్ద ఆఫీసు, నెలకోసారి వస్తాడు. రికార్డు చేసుకోనివ్వమని షీనా చేత ఈమెయిల్ రాయించింది ఫ్లోరెన్స్. ఉత్తరం రాస్తూ రాస్తూ షీనా తల తిప్పి, "అమ్మా, ఎందుకింత ఫైర్ అవుతున్నావ్? హీ ఈజ్ నాట్ ఈవెన్ అవర్ తాత," అంది. ఈ పిల్లకి ఇరవయ్యోపడి దగ్గరపడింది, తెలుగులో ఒక్క కంఠత వాక్యం రాదు. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, పిల్ల తొందరగా కలిసిపోతుంది అని స్కూల్లో చెబితే తలూపి వచ్చింది ఎవరు? పిల్లనేం అంటుంది. రాసింది పంపించమ్మా అని మాత్రం అంది ఫ్లోరెన్స్.

రేమండ్ తొమ్మిది రోజులకి జవాబిచ్చాడు, ఆలోచించి చెబుతానని. ఈలోగా ఫ్లోరెన్స్ ట్రేసీ గదికి వెళ్లి, తను రాసింది తప్పు, పన్నెండు రోజుల చార్టూ తప్పు, ఆయన తిట్టడం లేదు, పద్యం చెబుతున్నాడు అంది. ట్రేసీ అంతా విని చక్కగా నవ్వింది. చార్టు చట్టప్రకారం రికార్డు, కొట్టేయడం కుదరదు, కావాలంటే కింద ఆలస్యపు నోటు రాసుకోవచ్చంది. ఫ్లోరెన్స్ అరపేజీ నోటు రాసింది. ఆ నోటు చదివినవాడు లేడు. ఫ్లోరెన్స్ సెలవు రోజున, బదులు మనుషుల్ని పంపే ఏజెన్సీ నుంచి వచ్చిన అమ్మాయి పై పేజీలో ఫ్లోరెన్స్ రాసిన మొదటి వాక్యాన్నే చూసి, శ్రద్ధగా దించి వెళ్లింది. సోమవారం డాక్టర్ వచ్చాడు. తగ్గలేదన్నమాట అని మధ్యాహ్నం పూట రెండో మాత్ర కలిపాడు.

నాలుగు రోజుల్లో మూడు గంటలకి దరువు ఆగిపోయింది. తాత కుర్చీలో ఒక పక్కకి ఒరిగి, నోరు తెరుచుకుని, చొంగ కారుతూ నిద్రపోయేవాడు. ఫ్లోరెన్స్ డైరీ ఒళ్లో పెట్టుకుని బ్రేక్ అంతా కూర్చునేది. చొంగ తుడిచేది. తలుచుకుంటే ఆ చార్టులన్నీ చించి పొయ్యిలో పెట్టాలనిపించేది.

ఆగస్టులో ఫ్యామిలీ మీటింగ్ పెట్టారు. తనని పిలవకపోయినా ఫ్లోరెన్స్ వెళ్లి కూర్చుంది. అర్సేనియో ఇప్పుడు ఎంతో నెమ్మదించాడని ట్రేసీ సంతోషంగా చెప్పింది. రేమండ్ తలూపాడు. పద్యం సంగతి ఫ్లోరెన్స్ ఎత్తేసరికి ఆయన ముఖం వాడిపోయింది. తాత తన పిల్లలకి ఆ భాష నేర్పలేదట. మీరు ఇక్కడివాళ్లు అవ్వాలి, ఇంట్లో ఇంగ్లీషే అని పట్టుబట్టి పెంచాడట. ఇప్పుడు నాన్న మాట్లాడేది నాకు అర్థం కాదు, అర్థం కానిదాన్ని దాచుకుని నేనేం చేసుకోను అని రేమండ్ అడిగాడు.

ట్రేసీ కల్పించుకుని, ముఖ్యమైంది ఆయన ప్రశాంతంగా ఉండటం కదా అంది. అంతే, ఫ్లోరెన్స్ లేచి నిలబడింది.

"ప్రశాంతంగా లేడు ట్రేసీ, నోరు మూయించారు. వాళ్ల నాన్న నోరు మూయించడానికి ఒక దేశం పోలీసులూ జైలూ చాల్లేదు. ఈయనకి నా చేతిరాత ఒక్క లైను సరిపోయింది. తప్పు రాసింది నేను. తప్పని చెప్పాక కూడా దించుకున్నది మీరు. ఆయన భాష తెలిసిన మనిషి గోడ అవతలే ఉంది, ఆమె నోరు కూడా మీరే మూయించారు."

రేమండ్ ట్రేసీ వైపు తిరిగాడు. ఆ మాత్రలు ఆపించండి అన్నాడు. రికార్డు చేసుకోమన్నాడు. మారిసెల్ రోజూ మూడింటికి అరగంట మా నాన్న దగ్గర కూర్చోవాలి, ఏ భాషలోనైనా మాట్లాడాలి, నేను రాసిస్తాను అన్నాడు. ట్రేసీ సరే అనక తప్పలేదు. నోటీసు మాత్రం గోడ మీదే ఉంది.

మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదు. మెల్లగా తగ్గించుకుంటూ వచ్చేసరికి నెల పట్టింది. సెప్టెంబరు మధ్యకి తాత కళ్లు తేటపడ్డాయి. చెంచా తనే పట్టుకుని తింటున్నాడు, వచ్చేపోయేవాళ్లకి చెయ్యి ఊపుతున్నాడు. మొదటి రోజు మారిసెల్ తల దువ్వుకుని, పెళ్లికి వెళ్లేదానిలా శుభ్రంగా వచ్చి ఎదురుగా కూర్చుంది. రేమండ్ ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. ఫ్లోరెన్స్ తలుపు దగ్గర నిలబడింది. లోలో అని పిలిచి, అంటే వాళ్ల భాషలో తాతా అని, మారిసెల్ పద్యం ఎత్తుకుంది. నీలం పావడా దగ్గరా ఎర్ర తువ్వాలు దగ్గరా ఆగి ఆగి, ఆయన అందుకుంటాడేమోనని చూస్తూ, ఉన్న నాలుగు చరణాలూ చెప్పింది.

తాత తల ఊపుతూ కడదాకా విన్నాడు. విన్నాక ముందుకు వంగి, తలుపు వైపు ఒకసారి చూసి, మారిసెల్ చేతి మీద మెల్లగా తట్టాడు. గొంతు తగ్గించి ఇంగ్లీషులో, కూడబలుక్కుని చెప్పాడు.

"బాగుందమ్మా. కానీ ఇక్కడ ఇంగ్లీషులోనే మాట్లాడాలి. లేకపోతే నిన్ను మళ్లీ కోప్పడతారు."

భార్య పోయిందన్న సంగతి నిలవని బుర్రలో, వాళ్ల నాన్న పద్యం జారిపోయిన బుర్రలో, ఆ రూలు నిలిచింది. మారిసెల్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఫ్లోరెన్స్ అక్కడ ఉండలేకపోయింది. విసవిసా స్టాఫ్‌రూమ్‌కి వెళ్లి గోడ మీది నోటీసు పీకింది. దాన్ని పట్టుకుని ట్రేసీ గదికి వెళ్లి, బల్ల మీద పెట్టి, ఈ రూలు లేదని మీరే వచ్చి ఆయనకి చెప్పండి, ఇప్పుడే, అంది. ట్రేసీ ఆ కాగితం వంకా ఫ్లోరెన్స్ ముఖం వంకా చూసి, ఏ కళనుందో, లేచి వెంట వచ్చింది.

తాత ముందు మోకాళ్ల మీద కూర్చుని, ట్రేసీ ఆయన చెయ్యి పట్టుకుంది. అర్సేనియో, నీ భాషలో నువ్వు మాట్లాడుకోవచ్చు, ఇక్కడ ఎవరూ ఏమీ అనరు అని నిదానంగా, నిజంగా మెత్తగానే చెప్పింది. రేమండ్ కూడా, అవును డాడ్ అన్నాడు. ఫోన్ బల్ల మీద రికార్డవుతూనే ఉంది.

ట్రేసీ బట్టలు, మెడలో బ్యాడ్జి చూసి తాత కంగారుగా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కుర్చీ చేతుల మీద బలమంతా మోపి, వణికే కాళ్ల మీద లేచి నిలబడ్డాడు. బళ్లో ఇన్‌స్పెక్టర్ వస్తే పిల్లలు నిలబడతారు చూడండి, అలా చేతులు రెండూ పక్కలకి ఆనించి నిలబడి, "యెస్, మేడమ్," అన్నాడు.